సెలూన్ కత్తితో గడ్డం: దవడ కింద కోతలు ఎలా ఆగాయంటే

సగం బ్లేడు పెట్టే సెలూన్ కత్తి హన్మకొండలో కొనుక్కున్నా. చెంపల మీద ఏ తిప్పలూ లేదు, తెగేదంతా దవడ ఎముక కిందే. బ్లేడు మార్చా, క్రీము మార్చా, లాభం లేదు.

అసలు సంగతి వాలులో ఉంది. బ్లేడు చర్మానికి సుమారు 30 డిగ్రీల్లో ఉండాలి, కానీ దవడ మలుపు దగ్గర చెయ్యి తిరగక అది నిటారుగా లేచిపోతుంది, ఇక గీయడం కాదు, గీకడమే. ఇప్పుడు రెండో చేత్తో చెంప చర్మాన్ని చెవి వైపు పైకి లాగుతున్నా, కింది చర్మం ఎముక మీదికొచ్చి బిగుసుకుంటుంది, అక్కడ కత్తిని కొంచెం కొంచెంగా లాగుతూ గీయాలి, ఒత్తిడి అస్సలు వద్దు, కత్తి బరువు చాలు. పక్కకు జారిందా, తెగినట్టే.

ఇంకోటి నీళ్లు. మా బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, సబ్బు నురగ రాకుండా తెల్లగా విరిగిపోతుంది, కత్తి జారదు. గడ్డానికి ప్లాంటు నీళ్లా అని ఇంట్లో నవ్వారు గానీ ఒక గ్లాసు చాలు, నురగ పెరుగులా నిలబడుతోంది.

బ్లేడును కాగితం విప్పకుండానే పొడవునా మడిచి టక్కున విరవండి, వేళ్లు భద్రం. చివర్లో తడి పటిక రుద్దితే ఎక్కడ గీసుకుందో మంటే చెప్తుంది! వాడిన ముక్కలు పాత టాబ్లెట్ డబ్బాలో వేసి మూత పెట్టండి, చెత్త బండి వాళ్ల చేతులు తెగకుండా.