ఎడారిలో బతికే డ్రాగన్‌ను ఎలా సృష్టించాలి?

కథకో, బొమ్మల పుస్తకానికో, గేమ్‌కో ఎడారి డ్రాగన్ కావాలంటే చాలామంది ముందు నోట్లోంచి వచ్చే మంట గీస్తారు. తర్వాత రెక్కలు, కొమ్ములు. చివర్న వెనకాల రెండు ఇసుక దిబ్బలు పెట్టేసి ఎడారి డ్రాగన్ అని పేరు రాసేస్తారు. ఆ దిబ్బలు చెరిపి కొండలు గీస్తే అదే కొండ డ్రాగన్ అయిపోతుంది. ఆ జంతువుకు ఎడారితో సంబంధమే లేదన్నమాట.

ఇక్కడ చెప్పే పద్ధతి దీనికి తలకిందులుగా ఉంటుంది. నీళ్లతో మొదలుపెట్టి మంటను ఆఖర్లో చూస్తాం. ఒక నోట్‌బుక్, పెన్సిల్, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు. ఉదాహరణకు ఒక కల్పిత జాతిని మొదటి నుంచీ కట్టుకుంటూ పోదాం.

1. ఏ ఎడారో తేల్చుకోండి

"ఒకానొక ఎడారి" అని రాస్తే పని జరగదు. పేరున్న ఎడారి కావాలి. సహారా, గోబీ, నమీబ్ ఏదైనా పర్లేదు. మనకు రైలెక్కితే చేరగలిగే థార్ ఉంది కాబట్టి దాన్నే తీసుకుందాం.

సాధారణంగా ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు వాన పడే చోటును ఎడారి అంటారు. జైసల్మేర్‌లో 200 అటూఇటూ పడుతుంది. కరువంటే మనకు ముందు గుర్తొచ్చే అనంతపురంలో 550 దాకా పడుతుందంటే తేడా అర్థమవుతుంది. పడేది కూడా ఎక్కువగా జులై, సెప్టెంబర్ మధ్యే. ఎండ సంగతి చెప్పాలంటే 2016 మే 19న ఫలోదీలో 51 డిగ్రీలు నమోదైంది. అదే థార్‌లో చలికాలం రాత్రి కొన్ని చోట్ల సున్నా దగ్గరికి దిగుతుంది. మీ డ్రాగన్ వేసవిని తట్టుకుంటే చాలదు, జనవరిని కూడా దాటాలి.

ఇంకో విషయం. థార్ అంతా ఇసుక కాదు. రాతి నేల, గులకరాళ్ల మైదానాలు, ఉప్పు పర్రలు, సేవణ్ గడ్డి పెరిగే బీళ్లు ఉంటాయి. మనం దసరాకు పూజించే జమ్మి చెట్టే అక్కడ ఖేజ్రీ. తెలంగాణకూ రాజస్థాన్‌కూ రాష్ట్ర వృక్షం అదే. ఇసుక దిబ్బను అక్కడ ధోరా అంటారు. మన జాతిని ధోరా డ్రాగన్ అని పిలుచుకుందాం.

దీనికో పూర్వీకుడు కూడా ఉంటే బాగుంటుంది. జైసల్మేర్ దగ్గర దొరికిన 16.7 కోట్ల ఏళ్ల నాటి ఎముకలకు 2023లో థారోసారస్ ఇండికస్ అని పేరు పెట్టారు. ఆకులు తినే డైనోసార్ అది. అప్పట్లో ఆ ప్రాంతం సముద్ర తీరం. మన డ్రాగన్ వంశం కూడా అలాంటి తీరంలోనే మొదలైందని అనుకుందాం. ఈ సముద్రం సంగతి గుర్తుంచుకోండి, తర్వాతి మెట్టులోనే పనికొస్తుంది.

2. నీళ్ల లెక్క రాయండి

అసలు పని ఇదే. మిగతా వాటికి గంట పెడితే దీనికి రెండు పూటలు పెట్టండి. పేజీ మధ్యలో గీత గీసి, ఒకవైపు నీళ్లు ఎలా వస్తాయో, ఇంకోవైపు ఎలా పోతాయో రాయండి.

రావడానికి మొదటి దారి తిండి. వేటాడిన జంతువు ఒంట్లోనే బోలెడు నీరుంటుంది. చాలా ఎడారి జీవులు దాంతోనే నెట్టుకొస్తాయి. రెండో దారి కోసం ఆస్ట్రేలియాలోని థార్నీ డెవిల్ అనే బల్లిని చూడాలి. ఒళ్లంతా ముళ్లున్న ఈ జీవి జానెడు పొడవుంటుంది. దాని పొలుసుల మధ్య వెంట్రుకంత సన్నటి కాలువలుంటాయి. తడి ఇసుకలో నిలబడితే చాలు, నీరు కాళ్ల మీదుగా ఆ కాలువల్లోకి ఎగబాకి నోటి మూల దాకా వచ్చేస్తుంది. బల్లి తల వంచి తాగదు. అలాగే నిలబడి దవడలు ఆడిస్తూ ఉంటుంది, అంతే. ఒక్కోసారి తడి ఇసుకను వీపు మీదికి ఎగజిమ్ముకుంటుంది కూడా.

మన ధోరా డ్రాగన్‌కు ఈ కాలువలు ఇచ్చేద్దాం. చలికాలం తెల్లవారుజామున మంచు పడిన సేవణ్ గడ్డిలో అది పొట్ట ఈడ్చుకుంటూ నడుస్తుంది. ఎవరికీ అక్కర్లేని ముళ్ల డిజైన్‌లు అతికించేకన్నా, పొలుసుల మధ్య ఈ గీతలు గీస్తే బొమ్మకు ఎంత నిండుదనం వస్తుందో మీరే చూస్తారు.

ఇప్పుడు పోయే వైపు. మన ఇళ్లలో గోడ మీద బల్లి రెట్టకు చివర్న తెల్లటి ముక్క ఉంటుంది, చూసే ఉంటారు. అది యూరిక్ యాసిడ్. అంటే బల్లి మూత్రం చాలావరకు ముద్దగానే బయటికి పోతుంది, నీరు లోపలే మిగులుతుంది. డ్రాగన్‌కూ ఇదే పద్ధతి. ఉప్పు ఎక్కువైతే? అమెరికా ఎడారుల్లో ఉండే డెజర్ట్ ఇగ్వానాకు ముక్కు దగ్గర ఉప్పు గ్రంథులుంటాయి. ఒంట్లో ఎక్కువైన ఉప్పును అక్కడి నుంచి తుమ్మి పారేస్తుంది. సముద్ర తీరపు పూర్వీకుల నుంచి మన డ్రాగన్‌కు వచ్చిన ఆస్తి ఇదే అనుకుందాం. దాని ముక్కు చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది. అది పడుకుని లేచిన చోట రాళ్ల మీద ఉప్పు చుక్కలు కనిపిస్తాయి. గొర్రెలు ఆ రాళ్లను నాకుతుంటే కాపరికి టెన్షన్ మొదలవుతుంది. కథకు మొదటి సీన్ దొరికినట్టే.

ఊపిరితో కూడా నీరు పోతుంది. దాహంతో ఉన్న ఒంటె రాత్రిపూట వదిలే గాలిలోని తేమను ముక్కులోనే చాలావరకు పట్టి ఉంచుకుంటుంది. ఒంటి వేడిని తెల్లవారుజామున 34 డిగ్రీల నుంచి సాయంత్రానికి 40, 41 దాకా పెరగనిస్తుంది కానీ చెమట పట్టనివ్వదు. కాబట్టి డ్రాగన్‌కు పొడవాటి, లోపల మడతలున్న ముక్కు పెట్టండి. ముక్కు రంధ్రాలు మూసుకునేలా ఉండాలి, ఇసుక తుపాను కోసం కూడా.

3. సైజు తగ్గించండి

ఇక్కడే అందరూ గొడవపడతారు. వంద అడుగులు ఉండాలంటారు. కాలిక్యులేటర్ తీయండి. పొడవు రెట్టింపైతే చర్మం వైశాల్యం నాలుగు రెట్లు, బరువు ఎనిమిది రెట్లు పెరుగుతాయి. ఈ ప్రపంచంలో ఇప్పుడున్న అతి పెద్ద బల్లి ఇండోనేషియాలోని కొమోడో డ్రాగన్. బాగా ఎదిగినది దాదాపు 3 మీటర్లు, 80 కిలోలు అనుకోండి. అదే ఆకారం 4 మీటర్లైతే 190 కిలోలు దాటదు. 30 మీటర్లైతే 80 టన్నులు! అంత ఒంటికి థార్‌లో మేత ఎక్కడుంది? అక్కడ దొరికే చింకారా జింక బరువే పాతిక కిలోల లోపు.

అందుకే మన డ్రాగన్‌ను 4 మీటర్ల దగ్గర ఆపేద్దాం. సరీసృపం కాబట్టి అంతే బరువున్న క్షీరదంతో పోలిస్తే దానికి తిండి చాలా తక్కువ సరిపోతుంది. కొమోడో ఒకే పూట తన బరువులో 80 శాతం దాకా తినగలదు, తర్వాత వారాల తరబడి ఏమీ తినకుండా ఉండగలదు. కరువులో చచ్చిన పశువు ఒకటి దొరికితే మన డ్రాగన్‌కు నెల గడిచిపోతుంది. మిగిలిన కొవ్వు తోకలో దాచుకుంటుంది. థార్‌లో ఉండే సాండా బల్లి చేసేదీ అదే. తోక లావు చూసి ఆ ఏడు వానలు ఎలా పడ్డాయో చెప్పగలిగే కాపరి పాత్ర ఒకటి పెట్టుకోండి.

4. రెక్కలకు ఉద్యోగం ఇవ్వండి

190 కిలోల జంతువు ఎగరగలదా? డైనోసార్ల కాలం చివర్లో బతికిన కెట్జాల్‌కోట్లస్ అనే ఎగిరే సరీసృపం రెక్కల వెడల్పు 10 మీటర్లు, బరువు 200 కిలోలకు పైనే ఉండొచ్చని అంచనా. అంటే అసాధ్యం కాదు. కానీ దాని ఒళ్లంతా గుల్ల ఎముకలు, రెక్కలే. బరువైన తోక, కొవ్వు నిల్వ ఉన్న మన డ్రాగన్‌కు ఆ సౌకర్యం లేదు. ఇప్పుడు ఎగిరే పక్షుల్లో బాగా బరువైనవాటిలో ఒకటైన బట్టమేక పిట్ట 15 కిలోల దగ్గరే ఆగిపోయింది.

కాబట్టి పిల్ల డ్రాగన్లు మాత్రమే ఎగురుతాయి. 15 కిలోలు దాటే దాకా. మధ్యాహ్నం వేడి గాలి పైకి లేచేటప్పుడు రాబందుల్లా రెక్క ఆడించకుండా దాని మీద తేలుతూ చచ్చిన పశువును వెతుక్కుంటాయి. పెద్దవాటికి ఎగరడం పోతుంది, రెక్కలు మిగులుతాయి.

వాటితో ఏం పని? చల్లబరచడం. ఫెనెక్ నక్క పెద్ద చెవుల్లో రక్తం పారుతూ వేడిని బయటికి వదులుతుంది. ఇక్కడ చాలామంది పొరపాటు పడేది ఒకటుంది: బయట గాలి ఒంటికన్నా చల్లగా ఉంటేనే ఈ పద్ధతి పనిచేస్తుంది. 48 డిగ్రీల ఎండలో రెక్కలు చాపితే ఉల్టా వేడి ఎక్కుతుంది. అందుకని మన డ్రాగన్ పగలు రెక్కలు బిగించి ముడుచుకుంటుంది, పొద్దు గూకాక దిబ్బ మీదికెక్కి విప్పుతుంది. రెక్క బయటి వైపు వెండి రంగు వెంట్రుకలు వేయండి. సహారాలో ఒక చీమకు అలాంటివే ఉన్నాయి. అడ్డంగా కోస్తే త్రికోణంగా ఉండే ఆ వెంట్రుకలు ఎండను వెనక్కి కొడతాయి, ఒంటి వేడినీ బయటికి పంపుతాయి. మిగతా జీవులు నీడ వెతుక్కునే వేళ ఆ చీమ తిండికి బయల్దేరుతుంది.

5. గొయ్యి, గుడ్లు

పగటిపూట డ్రాగన్ నేల లోపలే ఉండాలి. ఎండాకాలం ఇసుక పైపొర 60 డిగ్రీలు దాటినా, ఒక మీటరు లోతులో చాలా చల్లగా ఉంటుంది. సాండా బల్లి బొరియలోకి దూరి దాని ద్వారాన్ని మట్టితో మూసేసుకుంటుంది. మన డ్రాగన్ కూడా అంతే, కాకపోతే మూత తన తోకే. గుడ్లకు ఆస్ట్రేలియాలోని మల్లీఫౌల్ పక్షిని అనుసరించండి. అది గుట్టలో గుడ్లు పాతి, ముక్కుతో వేడి చూసుకుంటూ మట్టి తీస్తూ వేస్తూ 33 డిగ్రీల దగ్గర ఉంచుతుంది. ఆ పని తండ్రి డ్రాగన్‌కు అప్పజెప్పండి. కథల్లో గుడ్లు కాసేది ఎప్పుడూ తల్లే కదా, మార్పుగా ఉంటుంది.

6. మంట ఉండాలా?

ఉండక్కర్లేదని నా అభిప్రాయం. కానీ పిల్లలు ఒప్పుకోరు, అది కూడా నిజమే. అయితే బొంబార్డియర్ బీటిల్ అనే పురుగు దగ్గర అప్పు తెచ్చుకుందాం. దాని పొట్టలో హైడ్రోక్వినోన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ అనే రసాయనాలు ఒక అరలో ఉంటాయి. శత్రువు వస్తే వాటిని ఎంజైమ్‌లున్న ఇంకో అరలోకి వదులుతుంది. క్షణంలో దాదాపు 100 డిగ్రీల వేడి ద్రవం టప్ మని చప్పుడు చేస్తూ చిమ్ముతుంది.

ఇప్పుడు రెండో మెట్టులో రాసిన నీళ్ల లెక్క తీసి చూడండి. ఇలా చిమ్మిన ప్రతిసారీ నీరు పోతుంది. కాబట్టి డ్రాగన్ ఈ ఆయుధాన్ని ప్రాణం మీదికి వస్తే తప్ప వాడదు. వాడాక రెండు రోజులు బొరియలోంచి బయటికి రాదు. అసలు అప్పుడే దాన్ని పట్టుకోవాలని చూసే విలన్ మీకు దొరికాడు.

బెదిరించడానికి మాత్రం చౌకైన మార్గం ఉంది. థార్‌లోనూ మన పల్లెల్లోనూ ఉండే చిన్నపింజర పాము బుస కొట్టడం కన్నా ఒంటిని చుట్టలు చుట్టి పొలుసులు ఒకదానికొకటి రాపాడించి గరగరమని చప్పుడు చేస్తుంది. ఊపిరి ఖర్చు లేదు, తేమ పోదు. 4 మీటర్ల జంతువు చీకట్లో ఆ చప్పుడు చేస్తే మంట కన్నా ఎక్కువ భయం వేస్తుంది.

7. మనుషులను మర్చిపోకండి

థార్‌లో జనం బాగానే ఉంటారు. గొర్రెలు, ఒంటెలు మేపుకునేవాళ్లు, వాన నీటిని టాంకా అనే నేలతొట్టిలో పట్టుకుని ఏడాదంతా వాడుకునేవాళ్లు. డ్రాగన్ టాంకా దగ్గరికొస్తే ఏం జరుగుతుంది? కొట్టి చంపుతారనే ముందు 1730ని గుర్తు చేసుకోండి. జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ ఊళ్లో ఖేజ్రీ చెట్లను కొట్టనివ్వకుండా 363 మంది బిష్ణోయ్‌లు ప్రాణాలిచ్చారని అక్కడి చరిత్ర చెబుతుంది. జింకలను సొంత పిల్లల్లా చూసుకునే ఆ సమాజం డ్రాగన్ విషయంలో ఏమంటుందో ఆలోచిస్తే కథ మామూలు వేట కథగా మిగలదు.

ఇప్పటి కాలంలో పెట్టాలనుకుంటే గాలిమరలు, కరెంటు తీగలు ఉన్నాయి. ఒకప్పుడు మన రోళ్లపాడు గడ్డి బీళ్లలో కూడా తిరిగిన బట్టమేక పిట్టలు ఇప్పుడు ఎక్కువగా జైసల్మేర్ వైపే మిగిలాయి. అక్కడ వాటికి పెద్ద గండం హైటెన్షన్ తీగలే. ముందువైపు చూపు అంతంతమాత్రం, ఒళ్లు బరువు, తీగ కనబడ్డాక పక్కకు తిరిగే లోపే తగులుకుంటాయి. ఎగిరే వయసులో ఉన్న పిల్ల డ్రాగన్లకూ అదే గతి పడుతుంది.

8. పరీక్ష పెట్టండి

బొమ్మ వేసేవాళ్లైతే ముందు కాళ్లు సరిచూసుకోండి. బల్లి కాళ్లు పక్కలకు చాచి ఉంటాయి, పెద్ద డైనోసార్ల కాళ్లు స్తంభాల్లా ఒంటి కిందకు దిగుతాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం దగ్గర కాసేపు నిలబడితే తేడా తెలుస్తుంది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికిన ఎముకలవి. 190 కిలోల ధోరా డ్రాగన్‌కు బల్లి కాళ్లే సరిపోతాయి.

తర్వాత మే నెలలో ఒక రోజు, జనవరిలో ఒక రోజు తీసుకుని, గంట గంటకూ డ్రాగన్ ఎక్కడుంది, ఏం చేస్తోంది రాయండి. ఏ గంట దగ్గరైనా "ఊరికే ఎగురుతోంది" అని రాయాల్సి వస్తే, రెండో మెట్టుకు వెళ్లి నీళ్ల లెక్క మళ్లీ వేయండి.