బరువైన టవర్ స్పీకర్లను జరపడం, సరైన చోట నిలబెట్టడం ఎలా?

టవర్ స్పీకరు 20 కిలోల నుంచి 50 కిలోల దాకా తూగుతుంది. ఎత్తు మూడు, నాలుగు అడుగులు. వెడల్పు చాలావాటికి అడుగు కూడా ఉండదు. పైభాగాన్ని కాస్త తోస్తే చాలు, ఒరిగిపోతుంది. విశాఖ ఫ్లాట్లలో ఎక్కువగా కనిపించే నున్నటి విట్రిఫైడ్ టైల్స్ మీద దాన్ని జరిపేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: అడుగున బిగించే స్పైకుల (మొనదేలిన లోహపు కాళ్ల) పని అన్నిటికంటే చివర్లో. డబ్బాలో వచ్చాయి కదా అని మొదటిరోజే బిగించేస్తే, జరిపినప్పుడల్లా టైలు గీసుకుపోతుంది. అంతకంటే పెద్ద నష్టం స్పీకరు చెక్కపెట్టెకి. స్పైకు పక్కకు లాగిన బలానికి చెక్కలో దిగిన మరలు ఊడిపోతాయి, ఆ రంధ్రం మళ్లీ పట్టు ఇవ్వదు.

జరిపే ముందు

స్పీకర్లను నడిపే యాంప్లిఫయర్ (యాంప్) ఆపి, ప్లగ్గు కూడా తీసేయండి. ఆన్‌లో ఉండగా స్పీకరు వైరు రెండు కొసలూ ఒకదానికొకటి తగిలితే యాంప్ కాలిపోవచ్చు. ఎడమ, కుడి వైర్లకు టేపు ముక్కలతో గుర్తులు పెట్టండి. కొత్త గదికి వెళ్లే దారిలో గడప ఎత్తు, లిఫ్ట్ తలుపు వెడల్పు, మెట్ల మలుపు టేపుతో కొలవండి. కాళ్లకు బూట్లు వేసుకోండి. సాక్సులతో టైల్స్ మీద ఈ పని వద్దు.

ఎక్కడ పట్టుకోవాలి?

ముందున్న జాలీ తీయకండి. సన్నటి స్వరాలు పలికే ట్వీటరు గుండ్రటి బుడిపె బొటనవేలు తగిలినా సొట్టపోతుంది. వెనకాల గాలి వెళ్లే గొట్టంలో వేళ్లు పెట్టి లేపకండి, చాలావాటిలో అది జిగురుతో అతికించిన ప్లాస్టిక్కే. వైర్లు బిగించే టెర్మినళ్లు కూడా పట్టుకోవడానికి కావు.

ఇద్దరు కావాలి. స్పీకర్ని వెనక్కి వాల్చి ఒకరు పైభాగాన్ని, ఇంకొకరు అడుగు అంచుల్ని పట్టుకోండి. మోకాళ్లు వంచి, నడుము నిటారుగా ఉంచి, "ఒకటి, రెండు, మూడు, లేపు" అని పైకి చెప్పుకుంటూ ఒకేసారి ఎత్తండి. మెట్ల మీద కింది మెట్టున ఉన్నవారి మీదే ఎక్కువ బరువు పడుతుంది, కాబట్టి బలమైనవారు కింద ఉండాలి.

ఒకే గదిలో జరపాలంటే ఎత్తనక్కర్లేదు. పాత దుప్పటిని నాలుగు మడతలు వేసి, స్పీకర్ని కాస్త వాల్చి అడుగున దూర్చండి. ఒకరు పైభాగాన్ని పట్టుకుని నిలబెడితే, రెండోవారు దుప్పటిని లాగాలి. పెట్టెను పైనుంచి తోయకూడదు.

ఎక్కడ నిలబెట్టాలి?

అసలైన ఓపిక ఇక్కడ కావాలి. 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు హాల్లో రెండు స్పీకర్ల మధ్య 2 నుంచి 2.5 మీటర్లు ఉంచి మొదలుపెట్టండి. మీరు కూర్చునే చోటికి కూడా ఒక్కోదాని నుంచి దాదాపు అంతే దూరం, లేదా కాస్త ఎక్కువ ఉండాలి.

గోడకు దగ్గరైతే బేస్ (మంద్ర శబ్దం) ఉబ్బుతుంది, మూలకు చేరితే ఇంకా ఉబ్బుతుంది. స్పీకరు ముందు ముఖం వెనక గోడకు 60 సెం.మీ. దూరంలో ఉంటే, గోడను తాకి వచ్చే శబ్దం 143 హెర్ట్జ్ దగ్గర అసలు శబ్దానికి ఎదురై దాన్ని తగ్గిస్తుంది. పక్క గోడ కూడా అంతే దూరంలో ఉంటే రెండు లోట్లూ ఒకే చోట పడి గుంట లోతవుతుంది. అందుకే ఆ రెండు దూరాలూ సమానంగా ఉంచకండి.

బాగా తెలిసిన పాట ఒకటి పెట్టి, ఒకసారికి 5 సెం.మీ. మాత్రమే జరపండి. మృదంగంలో తొప్పి (ఎడమవైపు) మోత గాత్రాన్ని కప్పేస్తుంటే ముందుకు తీయండి. బిగువు లేక పలచబడితే వెనక్కి. గాత్రం సరిగ్గా మధ్యలోంచి రాకపోతే స్పీకర్లను కొద్దికొద్దిగా మీవైపు తిప్పండి. కుదిరిన ప్రతిచోటా నేల మీద మాస్కింగ్ టేపు అంటించండి, లేకపోతే మంచి స్థానం మళ్లీ దొరకదు.

ఇప్పుడు స్పైకులు

ముందుగా ఆ చోట టైల్స్‌ని వేలితో కొట్టి చూడండి. బోలు శబ్దం వస్తే కింద సిమెంటు పట్టలేదన్నమాట, మొనబరువుకు పగలొచ్చు. అలాంటిచోట రబ్బరు పాదాలే మేలు. మిగతాచోట్ల ప్రతి స్పైకు కిందా లోహపు బిళ్ల తప్పనిసరి.

టెర్మినళ్ల మీద బరువు పడకుండా దిళ్లు పరిచి స్పీకర్ని వెనక్కి పడుకోబెట్టండి. నాలుగు స్పైకులూ సమంగా తిప్పి, నట్లు వదులుగా ఉంచి, బిళ్లల మీద నిలబెట్టండి. మూలలు నొక్కుతూ ఏది ఊగుతుందో చూసి, దాన్ని సరిచేశాకే నట్లు బిగించండి. పాకే పిల్లలున్న ఇంట్లో వెనకనుంచి గోడకు పట్టీ వేయండి.

బీచ్ రోడ్డు, లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఇళ్లలో ఉప్పుగాలికి రాగి వైరు కొసలు త్వరగా నల్లబడతాయి. స్పీకరు జరిపిన రోజే ఆ కొసలు కత్తిరించి, తొడుగు కొత్తగా ఒలిచి, ఎర్రదానికి ఎర్ర, నల్లదానికి నల్ల టెర్మినల్ చూసుకుని బిగించండి. ఒకటి తిరగబడినా బేస్ పలచబడి, గాత్రం నడుమ నిలవదు.