ర్యాక్ పవర్ సప్లై లైటు ఆరిపోతుంటే: నా అనుభవం

విశాఖలో సముద్రానికి దగ్గర్లోని మా ప్లాంటులో కంప్రెసర్ వైబ్రేషన్ ర్యాక్‌కి (యంత్రం అదురును గమనించే కార్డులుండే పెట్టె) రెండు పవర్ సప్లైలు. కింది దాని లైటు అప్పుడప్పుడూ ఆరి, కంట్రోల్ రూమ్‌లో అలారం మోగేది. ఫ్యూజు, మాడ్యూల్, ఫీడర్ (ఆ సప్లైకి కరెంటు తెచ్చే లైను) బ్రేకర్ మార్చినా లాభం లేకపోయింది.

చివరికి పనిచేసింది ఇది. పర్మిట్ తీసుకుని ట్రిప్‌ని (కంప్రెసర్‌ని తనంతట తానే ఆపేసే రక్షణ) బైపాస్ చేశాం. పై సప్లై ఒక్కటే లోడ్ మోయగలదని రూఢి చేసుకున్నాం, ఇది మాత్రం వదలొద్దు. తర్వాత కరెంటు నడుస్తుండగానే ఒక్కో టెర్మినల్‌కి అటూ ఇటూ వోల్టేజ్ కొలిచే మీటర్ పెట్టాం. న్యూట్రల్ దగ్గర సున్నాకి దగ్గరగా ఉండాల్సిన రీడింగ్ ఎగిరెగిరి పడుతోంది. ఫీడర్ ఆపి వైరు తీస్తే లగ్గు (వైరు చివర ఉండే లోహపు తొడుగు) లోపలంతా పచ్చని చిలుము. మెరిసే రాగి వచ్చేదాకా కోసి, కొత్త లగ్గు క్రింప్ చేసి (నొక్కి బిగించి), టెర్మినల్ కూడా మార్చాం. మళ్లీ లైటు ఆరలేదు.

అన్నిచోట్లా ఇదే కారణమని చెప్పలేను. ఉప్పుగాలి తగిలే ప్యానెల్ అయితే మాత్రం మాడ్యూల్ ఆర్డర్ పెట్టేముందు ఈ కొలత తీయండి.