షాంపూ, కాజల్ కొనేముందు జంతువుల మీద టెస్ట్ చేశారో లేదో ఇలా చూడండి

మన దేశంలో కాస్మెటిక్స్‌ని జంతువుల మీద టెస్ట్ చేయడం 2014లోనే బ్యాన్ అయింది, అలా టెస్ట్ చేసినవి దిగుమతి చేసుకోవడం కూడా అదే ఏడాది ఆపేశారు, కానీ కంపెనీ బయటి దేశాల్లో ఏం చేస్తుందో లేబుల్ చూస్తే తెలీదు కదా. అందుకే ముందు ప్యాక్ వెనక లీపింగ్ బన్నీ గుర్తు (జంతువుల మీద టెస్ట్ చేయని బ్రాండ్లకి ఇచ్చే సర్టిఫికేట్ గుర్తు, దూకుతున్న కుందేలు బొమ్మ) ఉందేమో చూడండి, ఏదో ఒక కుందేలు బొమ్మ వేసేస్తే సరిపోదండీ. పచ్చ చుక్క, వీగన్ అనే మాట ఇవన్నీ పదార్థాల గురించి, టెస్టింగ్ గురించి కాదు.

గుర్తు లేదా, కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టి సూటిగా అడగండి, ముడిసరుకు సప్లై చేసేవాళ్ళు టెస్ట్ చేస్తారా, మీ తరఫున వేరేవాళ్ళు చేస్తారా అని. "చట్టం అడిగితే తప్ప చేయం" అని జవాబొస్తే నేనైతే చేస్తారనే లెక్కేస్తా.

ఎందుకింత పట్టింపు అంటే, డ్రైజ్ టెస్ట్‌లో కుందేలుని కదలకుండా మెడ దగ్గర బిగించి, కంట్లో రసాయనం వేసి, ఆ కన్ను ఎర్రబడి వాచి పుండవుతుంటే రోజుల తరబడి చూసి మార్కులు వేస్తారు. కాస్మెటిక్స్ కోసం ఇది అస్సలు అక్కర్లేదు, మనిషి కణాలతో ల్యాబ్‌లో పెంచిన, కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) లాంటి కణజాలం ఉంది, కబేళా నుంచి తెచ్చిన పశువు కార్నియా మీద కూడా చూస్తారు, ఈ రెండోది నాకు పూర్తిగా నచ్చదు గానీ టెస్ట్ కోసమని ఏ ప్రాణినీ హింసించట్లేదు.