పెంకుటింటి పైకప్పు: స్పాన్ ఎక్కడ కొలవాలి, వాసం పొడవు ఎలా తేల్చాలి

పెంకుటిల్లు కట్టించుకునేవాళ్లు నాకు ముందుగా చెప్పే కొలత గది లోపలిది. "మేస్త్రీ గారూ, హాలు పదహారున్నర అడుగులు, వాసాలకు ఎంత కర్ర పడుతుంది?" అని అడుగుతారు. ఆ పదహారున్నరతో పైకప్పు లెక్క తేలదు. వాసం, అంటే కొప్పు నుంచి చూరుకు వాలుగా దిగే కర్ర, కూర్చునేది గోడ మీద పరిచిన కర్ర పట్టె మీద. కాబట్టి ఈ పట్టె బయటి అంచు నుంచి ఆ పట్టె బయటి అంచు దాకా ఎంత ఉందో అదే వాసాల లెక్కకు స్పాన్. గది లోపల పదహారున్నర, రెండు వైపులా 9 అంగుళాల ఇటుక గోడ, పట్టెలు గోడ బయటి అంచుకు సమంగా ఉంటే స్పాన్ 18 అడుగులు. అదే 4 అంగుళాల పట్టెను గోడ మధ్యలో పరిస్తే రెండు వైపులా రెండున్నర అంగుళాలు తగ్గి 17 అడుగుల 7 అంగుళాలే అవుతుంది. అందుకే పట్టె పరవకముందు వాసం కొయ్యడానికి నేను ఒప్పుకోను.

దూలం బలం చూసే ఇంజనీరు మాత్రం ఈ ఇంటికే 17 అడుగుల 3 అంగుళాలు రాసుకోవచ్చు. ఆయన గోడ మధ్య నుంచి గోడ మధ్యకు చూస్తారు. ఆయన కాగితంలో ఉన్న అంకెతో వాసం కొయ్యకండి.

ఇక కొలవడం. ఇటుక గోడ ఎంత మంచి మేస్త్రీ కట్టినా అర అంగుళం అటూ ఇటూ ఉంటుంది. ఒక చివర 18 అడుగులు వస్తే మధ్యలో 18 అడుగుల అర అంగుళం, ఇంకో చివర అర అంగుళం తక్కువ రావచ్చు. గోడ వంకరను పట్టెలోకి రానివ్వకూడదు. ఒక పట్టెకు మూల నుంచి మూలకు నూలుతాడు లాగి, దాన్ని తిన్నగా పరిచి బిగించాలి. రెండో పట్టెను దానికి సరిగ్గా 18 అడుగుల దూరంలో, రెండు చివర్లా మధ్యలోనూ టేపు పెట్టి చూసుకుంటూ బిగించాలి. తర్వాత ఎదురు మూలలు కొలవాలి. 18 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఉన్న ఇంటికి రెండు కర్ణాలూ 34 అడుగుల 11 ముప్పావు అంగుళాలకు రవ్వంత ఎక్కువ రావాలి. అసలు ముఖ్యం రెండూ ఒకటే రావడం. తేడా ఉంటే ఇల్లు మూలమట్టానికి లేదన్నమాట. ఆ తేడా పైకప్పు మీద పెంకుల వరసల్లో బయటపడుతుంది, కింద నిలబడి చూసినవాళ్లందరికీ కనిపిస్తుంది.

పట్టెల మట్టం నీళ్ల పైపుతో చూడండి. పైపులో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపాలి. ఇంత దూరానికి చిన్న రసమట్టం (స్పిరిట్ లెవెల్) చాలదు.

ఇప్పుడు వాలు. మా గోదావరి జిల్లాల్లో గాలితో కలిసి వాన ఏటవాలుగా కొడుతుంది. పెంకు సందుల్లోంచి నీళ్లు వెనక్కి ఎక్కకుండా ఉండాలంటే అడుగుకు 7 అంగుళాల లేపు, అంటే నేలకు సమంగా అడుగు జరిగితే 7 అంగుళాల ఎత్తు, కావాలని నా అభిప్రాయం. డిగ్రీల్లో చెప్పాలంటే 30కి కాస్త ఎక్కువ. అడుగుకు 6 కంటే తగ్గిస్తే కర్ర కొంత ఆదా అవుతుంది గానీ, ఏటా ఆషాఢంలో గిన్నెలు పెట్టుకోవాల్సి వస్తుంది.

18 అడుగుల స్పాన్‌లో సగం 9 అడుగులు. అడుగుకు 7 చొప్పున 63 అంగుళాలు, అంటే పట్టె మట్టం నుంచి కొప్పు 5 అడుగుల 3 అంగుళాల ఎత్తు. నేలకు సమంగా 12 అంగుళాలు జరిగితే వాసం వెంబడి ఎంత జరుగుతామో తేల్చడానికి 12ను 12తో, 7ను 7తో గుణించి కలపాలి. 144, 49 కలిసి 193. ఫోన్‌లో దాని వర్గమూలం చూస్తే 13.89 వస్తుంది. ఈ అంకెను పట్టె మీదే పెన్సిల్‌తో రాసుకోండి, పని అయ్యేదాకా అక్కరకొస్తుంది. 9 అడుగులకు 9తో గుణిస్తే 125 అంగుళాలు, అంటే కొప్పు మధ్య నుంచి పట్టె బయటి అంచుకు 10 అడుగుల 5 అంగుళాలు.

వాసాలు పైన ఆనేది వెన్నుగాడికి, అంటే కొప్పు వెంబడి పొడవునా పోయే దూలానికి. దాని మందం 2 అంగుళాలైతే ఒక్కో వైపు నుంచి అంగుళం తీసెయ్యాలి. వాలు వెంబడి అది 1.16 అంగుళం.

మిగిలింది చూరు. చాలామంది అడుగున్నర చూరు అనుకుని కర్ర తెచ్చేస్తారు. నేను ముందు పెంకు తెప్పిస్తాను. మంగుళూరు పెంకు అచ్చు అన్ని చోట్లా ఒకటే ఉండదు. వచ్చిన లోడులోంచి పది పెంకులు తీసి, ఒకదాని మీద ఒకటి గాడి పట్టేలా నేల మీద పేర్చండి. మొదటి పెంకు పై అంచు నుంచి పదో పెంకు పై అంచు దాకా, దగ్గరికి నొక్కి ఒకసారి, దూరం లాగి ఒకసారి కొలిచి, రెంటికీ మధ్య అంకెను 9తో భాగించండి. అదే రీపరుకు రీపరుకు (పెంకులు ఆనేలా వాసాల మీద అడ్డంగా కొట్టే సన్నకర్రలకు) మధ్య దూరం. పన్నెండున్నర అంగుళాలు వచ్చిందనుకుందాం.

నేలకు సమంగా కొలిచిన అడుగున్నర చూరును 9 అడుగులకు కలిపి, పదిన్నరను 13.89తో గుణిస్తే వాసం మొత్తం పొడవు, వెన్నుగాడి తీసివేత పోగా, సుమారు 144.7 అంగుళాలు. కింది వరస పెంకు వాసం చివర దాటి రెండున్నర అంగుళాలు వేలాడేలా పెడితే మొదటి రీపరు చివర నుంచి పన్నెండున్నర దగ్గర పడుతుంది. అలా 11 వరసలు వేసేసరికి 137.5 అవుతుంది, కొప్పు దగ్గర 7 అంగుళాల ఖాళీ మిగులుతుంది. కొప్పు పెంకు దాన్ని కప్పలేదు, పన్నెండో వరస పట్టదు. అప్పుడు పెంకుల్ని కోసి సిమెంటుతో పూడ్చడం మొదలవుతుంది. నాలుగు ఎండలకు ఆ సిమెంటు బీట తీస్తుంది.

చూరును 2 అడుగులు చేసి చూడండి. 11 అడుగులను 13.89తో గుణించి 1.16 తీసేస్తే సుమారు 151.6. 12 వరసలకు 150 పోతుంది. మిగిలే అంగుళంన్నర కొప్పు పెంకు కిందికి హాయిగా పోతుంది. చూరు పెంచడం ఇష్టం లేకపోతే వాలును అడుగుకు 8 చేసి అడుగున్నర చూరే ఉంచినా 150 పైచిలుకు వస్తుంది, కాకపోతే కొప్పు ఎత్తు 6 అడుగులకు వెళుతుంది. నేనైతే మొదటిదే చేస్తాను, చూరు గోడను తడవనివ్వదు. కానీ తుపాను దారిలో ఉన్న ఊళ్లలో 2 అడుగులు దాటించవద్దు. గాలి చూరు కిందికి దూరి పైకప్పునే ఎత్తుతుంది. ఎంత చూరు పెట్టినా పట్టెను గోడకు బోల్టులతో, వాసాన్ని పట్టెకు ఇనుప పట్టీతో బిగించాల్సిందే.

కర్ర 13 అడుగులది తెప్పించండి. వాసాలు మధ్య నుంచి మధ్యకు అడుగున్నరకు ఒకటి వేస్తే 30 అడుగులకు 20 ఖాళీలు, 21 వాసాలు. రెండు వైపులా 42. ఒక ఖాళీకి ఒక వాసం అని 40 తెప్పించేవాళ్లు ఎక్కువ, చివరి జత అప్పుడే తక్కువ పడుతుంది. పది అడుగులు దాటిన వాసం కింద నడుమ ఒక అడ్డదూలం లేకపోతే పెంకు బరువుకు కుంగుతుంది. ఒక్కో పెంకు 2 కిలోలు దాటుతుంది, తడిస్తే ఇంకా పెరుగుతుంది. అలాగే వాసాలు గోడల్ని బయటికి తోస్తాయి. ఆ తోపును ఆపేది గోడ నుంచి గోడకు వేసే దూలం, దాని మీద నిలబడి వెన్నుగాడిని మోసే నిట్రాడు. దూలం, వాసం మందాలు మాత్రం ఇంజనీరుతోనే ఖాయం చేయించుకోండి. కర్ర జాతిని బట్టి అవి మారతాయి.

కోతకు L ఆకారంలో ఉండే మూలమట్టం చాలు. ఒక చేతి మీద 12, ఇంకో చేతి మీద 7 గుర్తుల్ని వాసం అంచుకు ఆనించండి. 7 వైపు గీసిన గీత నిలువు కోత, వెన్నుగాడికి ఆనేది అదే. 12 వైపు గీత పట్టె మీద కూర్చునే గాడికి. గాడి లోతు వాసం ఎత్తులో మూడో వంతు మించకూడదు.

ముందు ఒక్క జతే కొయ్యండి. ఇంటి రెండు చివర్లా, మధ్యలోనూ ఆ జతను నిలబెట్టి చూడండి. గాడి పట్టె మీద సందు లేకుండా కూర్చుని, పైన వెన్నుగాడికి నిండుగా ఆనితే అందులో ఒకదానికి రంగు పూసి నమూనాగా పక్కన పెట్టండి. మిగతా 40 వాసాలనూ ఆ ఒక్కదాని మీద పెట్టే గీయాలి. అప్పుడే కోసిన వాసం మీద పెట్టి తర్వాతిది గీస్తూ పోతే పెన్సిల్ గీత మందం ఒక్కోసారి చేరుతూ, ఆఖరి వాసానికి అంగుళం దాకా తేడా వస్తుంది.