పిల్లలతో హార్ట్ బొమ్మలు: ఎక్కడ చెడుతోంది, ఎలా సరిచేయాలి

పాత శుభలేఖలు, నెల దాటిన క్యాలెండర్ కాగితాలు, పార్సిల్ అట్టలు, తాంబూలంలో మిగిలిన తమలపాకులు. చిన్నపిల్లలతో హార్ట్ బొమ్మలు చేయించడానికి ఇవి చాలు. బొమ్మ కుదరకపోతే "వీడికింకా చెయ్యి తిరగలేదు" అనేస్తాం. చాలాసార్లు లోపం కాగితంలోనో, మడతలోనో, జిగురులోనో ఉంటుంది. అది మనం సరిచేయగలిగిందే.

కత్తిరించగానే హార్ట్ రెండు ముక్కలై చేతికొస్తోంది

అందరికీ ఎదురయ్యేది ఇదే. కాగితం మడిచాక ఏది మడతో, ఏది విడి అంచో పిల్లలకు తెలియదు. విడి అంచు వైపు సగం హార్ట్ గీసి కత్తిరిస్తే రెండు సగాలు విడివిడిగా వస్తాయి. అందుకే మడిచిన వెంటనే మడత పొడవునా ఎర్ర స్కెచ్‌పెన్‌తో గీత గీయండి. సగం హార్ట్ చూడ్డానికి చెవిలా ఉంటుంది, పైన గుండ్రం, కింద సన్నం. "ఎర్ర గీతకు చెవి అతికించు" అంటే నాలుగేళ్ల పిల్లలు కూడా ప్రయత్నిస్తారు. కత్తెర ఎర్ర గీత దగ్గర మొదలై, చుట్టూ తిరిగి, మళ్లీ ఎర్ర గీత దగ్గరికే రావాలి. రెండో చెయ్యి మడతను వదలకూడదు.

విప్పి చూస్తే కోడిగుడ్డులా ఉందంటే పైన గుంట పడలేదన్నమాట. మడత దగ్గర నుంచి గీత ముందు పైకెక్కి, ఆ తర్వాతే పక్కకు వంపు తిరగాలి.

వంపు దగ్గర కాగితం నలిగిపోతోంది

పిల్లలు కాగితాన్ని అలాగే ఉంచి, కత్తెరను మణికట్టుతో సహా తిప్పేస్తారు. కత్తెర నేరుగానే ఉండాలి, కాగితమే తిరగాలి. కాగితం కూడా చూసుకోండి. న్యూస్‌పేపర్ మరీ మెత్తన, శుభలేఖ మడిస్తే మరీ మందం. క్యాలెండర్ కాగితం సరిగ్గా సరిపోతుంది. ఎడమచేతి వాటం పిల్లలు మామూలు కత్తెర పట్టుకుంటే కాగితం తెగకుండా అంచుల మధ్య మడత పడుతుంది. వాళ్లను విసుక్కోకండి, ఎడమచేతి కత్తెర విడిగా దొరుకుతుంది.

కత్తెరే పట్టుకోలేని వయసు

మూడేళ్ల వాళ్లకు కత్తిరించే పనే వద్దు. తమలపాకు ఆకారమే హార్ట్. ఈనెలు ఉబ్బెత్తుగా ఉండే వెనక వైపు రంగు పూసి, కాగితం మీద బోర్లించి, పైన పాత పేపరు పరిచి అరచేత్తో నొక్కించండి. అచ్చు అలికినట్టు వస్తే రంగు ఎక్కువైంది, లేదా ఆకు జరిగింది. ఆకును రంగు గిన్నెలో ముంచకుండా, రంగును తడిపి పిండిన స్పాంజి మీద పోసి అద్దించండి. ఈనెలు ఒక్కొక్కటే కాగితం మీద తేలడం చూసి పిల్లలు ఇంకో ఆకు అడుగుతారు.

ఆలుగడ్డను సగానికి కోసి హార్ట్‌లా చెక్కిన అచ్చు జారిపోతుంటే కారణం అందులోని నీరు. కోసిన ముఖాన్ని పొడిగుడ్డ మీద కాసేపు బోర్లించి, తుడిచాకే రంగు అద్దండి. కోసే పని మాత్రం పెద్దవాళ్లదే.

అతికించింది ఊడిపోతోంది, లేదా కాగితం ముడతలు పడుతోంది

శుభలేఖ మీది నున్నటి పూత జిగురును పీల్చుకోదు. వెనక గరుకు వైపు అతికించండి, లేదా ఉప్పుకాగితంతో ఒకసారి రుద్దండి. ముడతలకు కారణం జిగురులోని తడి. ఫెవికాల్‌ను సీసా మూతలో కొంచెమే పోసి, వేలికొసతో అంచులకు మాత్రమే రాయించి, లావాటి పుస్తకం కింద పెట్టండి. పల్చటి కాగితాలకు మెత్తగా నలిపిన అన్నం మెతుకులు చాలు. మైదా జిగురు కాచుకుంటే పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే పాత అలవాటు ఇక్కడ వద్దు, అది విషం. మూడేళ్ల లోపు పిల్లలుంటే బొత్తాలు, పూసలు ఈ పనిలోకి రానివ్వకండి. నోట్లో పెట్టుకుంటే గొంతులో అడ్డం పడతాయి.

ఉప్పు-మైదా హార్ట్ పగిలిపోతోంది

కప్పు మైదా, అరకప్పు ఉప్పు, దాదాపు అరకప్పు నీళ్లు. నీళ్లు కొద్దికొద్దిగా పోయాలి. బొమ్మ మందంగా చేసి ఎండలో పెడితే పైభాగం ముందే ఆరి ముడుచుకుంటుంది, లోపల తడి అలాగే ఉంటుంది, అందుకే పగుళ్లు. అర సెంటీమీటరు మందంలో చేసి, నీడలో తిప్పుతూ ఆరబెట్టండి. వానాకాలంలో గాలిలోని తడిని ఉప్పు లాక్కుని బొమ్మ మెత్తబడుతుంది. ఆ నెలల్లో కాగితం పనే మేలు. ఈ పిండి పిల్లల నోట్లోకి పోకుండా చూడండి, అంత ఉప్పు ప్రమాదం.

అల్లిక హార్ట్ బిగుసుకుపోయి మూసుకోవడం లేదు

ఇది ఏడేళ్లు దాటిన వాళ్లకు. డెన్మార్క్‌లో క్రిస్మస్ చెట్టుకు కట్టే ఈ హార్ట్‌ను పిల్లల కథల రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1860లోనే చేశాడు. రెండు రంగుల కాగితాలు మడిచి, మడత వైపు నుంచి చీల్చి, పట్టీలను ఒకదాంట్లో ఒకటి దూర్చి అల్లుతారు. చీలిక పొడవు కాగితం వెడల్పు కన్నా తక్కువైతే చివరి పట్టీ దూరదు. ఆరు సెంటీమీటర్ల వెడల్పు కాగితానికి ఆరు మీద ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు కలిపి చీల్చండి. మొదటిసారి రెండేసి పట్టీలతోనే మొదలుపెట్టించండి.