అయానిక స్ఫటికంలో ఏ లోపం ఉందో కనిపెట్టడం ఎలా?

ఇంటర్ కెమిస్ట్రీలో ఘనస్థితి పాఠం రాగానే చాలామంది స్ఫటికంలో అయాన్ల (ఛార్జ్ ఉన్న అణువుల్లాంటి కణాల) అమరిక తప్పడాన్ని, అంటే లోపాల్ని, షాట్కీ లోపానికి ఈ పదార్థాలు, ఫ్రెంకెల్ లోపానికి ఆ పదార్థాలు అని జాబితాగా బట్టీపట్టేస్తారు, పరీక్ష హాల్లో అవి తారుమారై టెన్షన్ మొదలవుతుంది. నన్నడిగితే బట్టీ అక్కర్లేదు. ఇంటి ఖర్చులు రాసుకున్నట్టు ఛార్జ్ పద్దు రాసుకోండి. స్ఫటికంలోంచి ఏది పోయినా, లోపలికి ఏది వచ్చినా ఆ పద్దు చివరికి సున్నా తేలాల్సిందే.

ముందు ఏ లోపమూ లేని స్ఫటికాన్ని కాగితం మీద గీయండి. మన ఉప్పే తీసుకుందాం: సోడియం, క్లోరైడ్, మళ్లీ సోడియం, ఇలా నాలుగైదు వరుసలు చాలు. ఉప్పు యూనిట్ సెల్ (స్ఫటికమంతా మళ్లీ మళ్లీ వచ్చే అతిచిన్న పెట్టె) అంచు 5.64 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు), అందులో 4 జతల అయాన్లు. ఈ లెక్కన సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.17 గ్రాముల దాకా వస్తుంది.

ఇప్పుడు ఒక సోడియంను చెరిపేయండి. పద్దు తేలలేదు కదా? ఒక క్లోరైడ్‌ను కూడా చెరిపితేనే సరిపోతుంది. ఇదే షాట్కీ లోపం. ఆ జత ఎక్కడికో మాయమైపోదు, ఉపరితలానికి చేరుతుంది, అందుకే బరువు అంతే ఉండి ఘనపరిమాణం పెరిగి సాంద్రత తగ్గుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర ఘన సెంటీమీటరు ఉప్పులో ఇలాంటి ఖాళీ జతలు సుమారు 10 లక్షలు. పెద్ద సంఖ్యలాగే ఉంది గానీ, అక్కడే 1 పక్కన 22 సున్నాలన్ని అయాన్లున్నాయి, కాబట్టి తూకంలో ఆ తేడా దొరకదు. వేడి చేసేకొద్దీ మాత్రం లోపాలు గబగబా పెరుగుతాయి.

సాంద్రత మారలేదంటే ఫ్రెంకెల్‌ను అనుమానించండి. బస్సులో ఒకాయన సీటు వదిలి నడవలో నిలబడితే బస్సు బరువు మారుతుందా? ఇదీ అంతే, అయాన్ తన చోటు వదిలి పక్క సందులో దూరుతుంది. సందులో పట్టాలంటే చిన్నదై ఉండాలి, అందుకే జింక్ సల్ఫైడ్‌లో జింక్, సిల్వర్ క్లోరైడ్‌లో సిల్వర్ ఆ పని చేస్తాయి. సిల్వర్ బ్రోమైడ్‌లో రెండు లోపాలూ ఉంటాయి. పాతకాలం ఫొటో ఫిల్మ్ మీద బొమ్మ పడటంలో దానిలో సందుల వెంట కదిలే సిల్వర్ అయాన్లదే ముఖ్య పాత్ర.

తర్వాత ఫార్ములా చూడండి. ఐరన్ ఆక్సైడ్‌లో ఆక్సిజన్ 1కి ఐరన్ 0.93 మాత్రమే ఉందనుకోండి. చాలామంది తడబడేది ఇక్కడే, నిదానంగా చేయండి. 100 ఆక్సైడ్ అయాన్లకు 93 ఐరన్‌లు. రుణావేశం 200. 93 ఐరన్‌లూ +2 అయితే వచ్చేది 186, ఇంకా 14 తక్కువ. ఆ లోటు తీరాలంటే 14 ఐరన్‌లు +3గా మారాలి, మిగిలిన 79 మాత్రం +2గానే ఉంటాయి. అంటే 7 చోట్లు ఖాళీ, ఐరన్‌లో 15 శాతం +3. సూత్రమేమీ గుర్తుపెట్టుకోకుండానే జవాబు వచ్చేసింది.

కల్తీ కలిసినా ఇదే పద్ధతి. ఉప్పులో కొద్దిగా స్ట్రాన్షియం క్లోరైడ్ కలిపితే, +2 ఉన్న ఒక్క స్ట్రాన్షియం రెండు సోడియంల బదులు వస్తుంది, ఒకరి చోట్లో తను కూర్చుంటుంది, రెండోది ఖాళీ.

ఆఖరున రంగు. తెల్లటి ఉప్పును సోడియం ఆవిరిలో వేడిచేస్తే పసుపు రంగు వస్తుంది. లోపలి క్లోరైడ్‌లు ఉపరితలానికి వచ్చి కొత్త సోడియంతో కలుస్తాయి, సోడియం వదిలిన ఎలక్ట్రాన్ లోపలికి వెళ్లి ఆ క్లోరైడ్ ఖాళీలో కూర్చుంటుంది. ఒక రుణావేశం పోయింది, ఒకటి వచ్చింది, పద్దు తేలింది. ఆ ఎలక్ట్రానే కాంతిని పీల్చుకుని రంగునిస్తుంది. దాన్ని ఎఫ్-సెంటర్ అంటారు, జర్మన్‌లో ఫార్బే అంటే రంగు. పొటాషియం క్లోరైడ్‌ను పొటాషియం ఆవిరిలో ఇలాగే వేడిచేస్తే ఊదా రంగు వస్తుంది.